చెయ్యి లేపేది ఎవరు?

ప్రశ్న: సిగరెట్ మానాలని మూడుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. మా రూమ్మేట్ లిబెట్ ప్రయోగం గురించి చదివించి, 'మెదడంటే అణువులే, అవి భౌతిక నియమాలు దాటవు. నువ్వు మానేదీ లేనిదీ ఎప్పుడో ఖాయమైపోయింది, టెన్షన్ పడకు' అంటున్నాడు. నిజంగా మన చేతుల్లో ఏమీ లేదా?
— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మెదడులో అణువులు తప్ప ఇంకేమీ లేదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. పేచీ అంతా ఆ 'ఖాయం' దగ్గరే.

1983 నాటి ఆ ప్రయోగంలో అమెరికా నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ కొందరిని అడిగింది, తోచినప్పుడు మణికట్టో వేళ్లో కదపమని. కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. 'కదపాలనిపించింది' అని వాళ్లు చెప్పిన క్షణం మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. అంటే అనిపించేలోపే మెదడు పని మొదలుపెట్టేసిందన్నమాట. అయినా ఆఖరి క్షణంలో ఆపుకోగలమనే లిబెట్ నమ్మాడు. 2012లో నాడీశాస్త్రవేత్త ఆరన్ షుర్గర్ బృందం ఇంకో మాట చెప్పింది: మెదడులో ఎప్పుడూ ఉండే ఎగుడుదిగుళ్లు పోగుపడి ఒక గీత దాటడమే ఆ సంకేతం కావచ్చని, ముందే అయిపోయిన నిర్ణయం కాకపోవచ్చని. అదలా ఉంచండి. మణికట్టు ఇప్పుడు కదిపినా, కాసేపాగి కదిపినా ఒకటే. సిగరెట్ మానడం అలాంటి పనా?

నేను పదకొండేళ్లు కాల్చాను. మల్లేశ్వరంలో మా వీధి చివర బేకరీ. సాయంత్రం బస్సు దిగి అక్కడికి రాగానే ఎడమ చేతిలోకి టీ గ్లాసు వచ్చేది, దారానికి వేలాడే లైటర్ మీదికి కుడి చెయ్యి దానంతటదే పోయేది. అక్కడ నిలబడి 'వద్దు' అనుకున్న ప్రతిసారీ ఓడిపోయాను. లిబెట్ చెప్పిన బ్రేకు నాకు ఒక్కసారీ పడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని ఆలోచించాను. ఆ బేకరీ దగ్గరి వాసన సోకకపోతే నా చెయ్యి లేవదు. మర్నాటి నుంచి ఒక స్టాపు ముందే దిగి సంపిగె రోడ్డు మీదుగా ఇంటికి నడిచాను.

ఆ ఆలోచనా అణువుల పనే, కాదనను. రాత్రుళ్లు నా దగ్గు, ముద్దు పెట్టబోతే మా పాప మొహం తిప్పుకోవడం, ఇవన్నీ కలిసే ఆ దారి మార్పించాయి. నేను ఆలోచించకుండా కూర్చుంటే ఆ దారి మారేది కాదు. క్వాంటమ్ అనిశ్చితిలో, అంటే అతి సూక్ష్మ కణాల స్థాయిలో ఏం జరిగేదీ ముందే ఖాయం కాదనే దాంట్లో, స్వేచ్ఛ ఉందనేవాళ్లున్నారు గానీ, పాచికలు పడ్డట్టు చెయ్యి కదిలితే అది నా ఇష్టం ఎలా అవుతుంది?

మీరు టీ ఎక్కడ తాగుతారో, పక్కన ఎవరుంటారో ఉత్తరంలో రాయలేదు. ఈసారి అది రాయండి.