కునెయోలో కలెక్టరు ఉంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇటలీలో, కునెయో ప్రావిన్స్‌లోని ఆల్బాలో చదువుతోంది. మనలాగే అక్కడా కలెక్టరు, జడ్పీ ఉంటాయా? – ఓ తల్లి, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: కలెక్టరుకు దగ్గరగా ఉండేది ప్రిఫెక్ట్, అమ్మా. రోమ్ ప్రభుత్వమే నియమిస్తుంది. జడ్పీ ఛైర్మన్ లాంటి ప్రావిన్స్ అధ్యక్షుడు వేరు. 2014 చట్టం వచ్చాక ఆయన్ని ఊళ్ల మేయర్లు, కౌన్సిలర్లే ఎన్నుకుంటున్నారు. జనం చేతిలోంచి ఆ ఓటు తీసేయడం నాకైతే నచ్చలేదు. రోడ్లు, హైస్కూలు భవనాలు ప్రావిన్స్ బాధ్యతే. దాని కింద 247 పురపాలికలు. వెయ్యి మంది కూడా లేని బరోలో అనే ఊరికీ సొంత మేయరు!

ఆల్బా పక్కనే టనారో నది. దానికి కుడివైపు లాంగే కొండలు, ఎడమవైపు రోయెరో. లాంగే వాలుల్లో, సున్నం కలిసిన బంకమట్టిలో నెబ్బియోలో ద్రాక్ష పండుతుంది. దాంతో చేసే బరోలో వైన్ కనీసం 38 నెలలు, అందులో 18 చెక్క పీపాల్లో మాగాలి. అక్టోబరులో కోతలప్పుడు మీ అమ్మాయిని తప్పకుండా ఆ కొండెక్కి చూడమనండి.