టెస్టింగ్ మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ చేసి హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాడు. పనేంట్రా అంటే, తేదీలు, టైము మార్చి మార్చి ప్రోగ్రామ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడటం అంటాడు. మా తోడల్లుడి కొడుకు ఏఐ చేస్తున్నాడు. మావాడిని కూడా మాన్పించి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామా? రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ పని అబ్బాయికి నచ్చిందో లేదో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, తోడల్లుడి కొడుకు గురించి మాత్రం రాశారు. టెన్షన్ ఎక్కడుందో అర్థమైంది లెండి.

తేదీలు మార్చి చూడటం చిన్న పని అనుకోకండి. 2012 ఫిబ్రవరి 29న కంపెనీలు అద్దెకు వాడుకునే మైక్రోసాఫ్ట్ సర్వర్ల సేవ, అజూర్ క్లౌడ్, గంటల తరబడి పడిపోయింది. ఎందుకంటే ఒక సర్టిఫికెట్‌కు ఏడాది గడువు ఇవ్వడానికి కోడ్ సంవత్సరానికి ఒకటి కలిపేసి 2013 ఫిబ్రవరి 29 అని వేసింది, అలాంటి తేదీయే లేదు కదా! మీవాడు రోజూ వెతికేది ఇలాంటివే. సర్వర్లు మామూలుగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి, మన టైముకు ఐదున్నర గంటలు వెనక. అందుకే మన తేదీతో సరిచూసే టెస్టు పగలంతా పాసై, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము ఐదున్నర దాకా ఫెయిలవుతుంది, ఎందుకంటే అక్కడ ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంటుంది. క్లయింటు న్యూయార్క్‌లో ఉంటే ఇంకో తంటా, అక్కడ ఏటా గడియారాన్ని ఓసారి గంట వెనక్కి, ఓసారి గంట ముందుకు జరుపుతారు కాబట్టి నవంబర్ మొదటి ఆదివారం రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది, మార్చిలో ఒక ఆదివారం రెండున్నర అసలు రానే రాదు.

దీన్ని సరిగ్గా చేసేవాడు కంప్యూటర్ టైము మార్చుకుంటూ కూర్చోడు, టెస్టులో స్లీప్ (ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపే ఆదేశం) పెట్టి ఎదురుచూడడు. కోడ్ నేరుగా సిస్టమ్ టైము అడగకుండా, గడియారాన్ని బయటి నుంచి అందించేలా రాయిస్తాడు, అప్పుడు టెస్టులో ఉత్తుత్తి గడియారం పెట్టి ఏ తేదీనైనా క్షణంలో తెప్పించవచ్చు. జావాలో 2014 నుంచి దీనికోసమే క్లాక్ అనే క్లాస్ ఉంది, పైథాన్‌లో ఫ్రీజ్‌గన్ అనే లైబ్రరీ వాడతారు. ఇది డిజైన్ తెలిసినవాళ్లు చేసే పని.

ఇక డేటా సైన్స్. స్టాటిస్టిక్స్ మీద ఇష్టం ఉన్నవాడికి మంచి దారే, కాదనను. నా అనుమానమంతా ఆరు నెలల్లో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనే కోర్సుల మీదే. వీడియోలు, అందరూ చేసే అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా ప్రాజెక్టు, దాన్నే అందరూ రెజ్యూమెలో పెట్టుకుని వస్తారు. చేతిలో ఉన్న జీతం మాన్పించి, అప్పుచేసి ఆ వరుసలో నిలబెట్టడం ఏం తెలివండీ? పిల్లాడి ఉద్యోగం ఉన్నది బంధువుల ముందు చెప్పుకోవడానికి కాదు.

మీ భయం పూర్తిగా తప్పనీ అనను. వాడు కోడ్ రాయకుండా చేత్తో తేదీలు టైపు చేసి స్క్రీన్‌షాట్లు తీస్తుంటే, అందులోనే ఏళ్లు గడిపితే ఇబ్బందే. ఈసారి ఇంటికొచ్చినప్పుడు తోడల్లుడి ఊసెత్తకుండా అడగండి, టెస్టులు నువ్వే రాస్తున్నావా, గడియారాన్ని ఎలా ఆపుతున్నావు అని. ఉత్సాహంగా అరగంట చెప్పాడా, వదిలేయండి. నీళ్లు నమిలాడా, ఉద్యోగంలో ఉంటూనే సాయంత్రాలు జావా లేదా పైథాన్ గట్టిగా నేర్చుకుని టెస్టులను కోడ్‌తో నడిపే ఆటోమేషన్ టీముకు మారమనండి. కోర్సు ఫీజు బ్యాంకులోనే ఉండనివ్వండి.