జపాన్ బళ్ళ మధ్య టాటా 407 ఎలా నిలబడింది, మన ఆల్విన్ నిస్సాన్ ఏమైంది?

1980ల్లో చిన్న లారీల్లోకి జపాన్ కంపెనీలు నాలుగు వరసగా దిగితే 407 ఒక్కటే అంత ఎలా పాతుకుపోయింది అని అడిగారు కదా. మా బాబాయి రెండు రకాలూ తోలాడు, ముందు ఒక ఓనర్ దగ్గర జపాన్ బండి, తర్వాత సొంతానికి సెకండ్ హ్యాండ్ 407, మదనపల్లె టమాటా లోడు మద్రాసుకి. సెలవుల్లో నేనూ ఎక్కేవాణ్ణి, అందుకే రాస్తున్నా.

అప్పటిదాకా టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) అంటే పెద్ద లారీలే, చిన్న లోడుకి జనం మటాడోర్ వ్యాన్ మాట్లాడుకునేవాళ్ళు. గవర్నమెంట్ జపాన్ వాళ్ళతో పొత్తులకి ఓకే అన్నాక డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి వచ్చాయి, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు కూడా నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ప్లాంట్ పెట్టారు. టెల్కో మాత్రం ఎవరితోనూ కలవకుండా పూణేలో సొంతంగా తయారుచేసి 1986లో 407 దించింది, టెల్కో చైర్మన్ మూల్గావ్‌కర్ గారి టైమ్ అది.

అసలు దెబ్బ యెన్ రేటు వల్ల పడింది. డాలర్ విలువ తగ్గించాలని పెద్ద దేశాలు చేసుకున్న 1985 ప్లాజా ఒప్పందం తర్వాత డాలర్‌కి 240 యెన్లు ఉన్నది రెండేళ్ళలో 150 కిందికి వచ్చేసింది, అంటే యెన్ బలపడి జపాన్ నుంచి తెప్పించుకునే ప్రతి పార్టు రేటు మండిపోయింది, బండి రేటూ పెరిగింది స్పేర్ల రేటూ పెరిగింది. 407కి ఆ గొడవే లేదు, సామానంతా ఇక్కడిదే.

నడపడానికి జపాన్ బండే బాగుండేదని బాబాయి ఇప్పటికీ అంటాడు, గేర్లు నున్నగా పడేవంట, సౌండ్ తక్కువ. కానీ ఒకసారి ఏదో చిన్న పార్టు పోతే అది సిటీ నుంచి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంది, ఓనర్‌కి బాడుగ పోయింది, బాబాయికి బత్తా పోయింది. అదే 407 అయితే ముందు చిన్న ముక్కు ఉంటుంది చూడండి, బానెట్ ఎత్తితే మెకానిక్ రోడ్డు మీదే నిలబడి పని చేసేవాడు, జపాన్ బళ్ళకేమో ఇంజన్ సీటు కింద. పలమనేరు దాటాక ఘాట్‌లో ఓవర్‌లోడ్‌కి కమాన్ పట్టీ (చక్రాల దగ్గర బరువు మోసే స్ప్రింగ్ పట్టీ) విరిగితే రోడ్డు పక్క షెడ్డువాడే జాకీ పెట్టి, యూ బోల్టులు ఊడదీసి, వేరే పట్టీ వేసి పంపించాడు, తెల్లారేసరికి మార్కెట్‌లో ఉన్నాం. టమాటాకి అదే కదా కావాల్సింది, ఆలస్యమైతే లోడంతా నీళ్ళు కారిపోతుంది! నా లెక్కలో 407 గెలిచింది ఇందుకే, రోజూ సంపాదించి పెట్టే బండి అది.

ఆల్విన్ నిస్సాన్‌ని 1989లో మహీంద్రా తీసుకుంది, ఆ జహీరాబాద్ ప్లాంట్ ఇప్పటికీ మహీంద్రాదే. డీసీఎం టయోటా తర్వాత డేవూ చేతికి పోయి సియెలో కార్లు చేసింది, తెలంగాణలో మాత్రం ఏ కంపెనీ వ్యాన్‌నైనా ఇప్పటికీ డీసీఎమ్ అనే అంటారు. ఐషర్, స్వరాజ్ వాళ్ళు మెల్లగా పార్టులు ఇక్కడే చేయించుకుని తట్టుకున్నారు, అందుకే ఆ రెండూ ఇంకా రోడ్డు మీద కనిపిస్తాయి.