జపమాల ముగిసిన తరువాత

గుంటూరు జిల్లా నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు రాసిన ఉత్తరం, కుదించి ఇస్తున్నాను:

"నాకు 61 ఏళ్ళు. మాది తరతరాలుగా కతోలిక కుటుంబం. ఆదివారం పూజలో బైబిలు పఠనాలు చదివేది నేనే. మా ఇంట్లో సాయంత్రం జపమాల ఒక్కరోజు కూడా తప్పలేదు. ఏటా ఫిబ్రవరి 11న గుణదల మేరీమాత ఉత్సవానికి వెళతాను. గేదెను చూసుకోవాలి కాబట్టి నా భార్య ఇంటి దగ్గరే ఉంటుంది. అయినా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా ఒక్కగానొక్క కొడుకు రెండేళ్ళుగా గుడికి వెళ్ళడం లేదు. మొన్న గట్టిగా నిలదీస్తే, 'జపమాల అవగానే మీరు అమ్మను అనే మాటలు వింటూ పెరిగాను నాన్నా, ఆ ప్రార్థన నాకొద్దు' అన్నాడు. నా భార్య వాడినే వెనకేసుకొస్తుంది. చదువు లేని మనిషి, నాలుగు తిడితే గాని ఏ పనీ సరిగ్గా చేయదు. వాడిని మళ్ళీ విశ్వాసంలోకి తేవడానికి ఏ పుస్తకాలు పంపాలి? ఎలా వాదించి ఒప్పించాలి?"

మాస్టారు గారూ,

పుస్తకాల సంగతి ముందే తేల్చేస్తాను. ఏదీ పంపకండి, వాదించకండి. మీ అబ్బాయి దేవుడు లేడనలేదు, మన కతోలిక శ్రీసభ బోధ తప్పనలేదు. ఇరవై ఏళ్ళు మీ ఇంట్లో తన చెవులతో విన్నదాన్ని మీకు చెప్పాడు. దానికి సమాధానం మీ నోటి నుంచి రావాలి గాని పుస్తకం నుంచి రాదు.

మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో కొడుకు గురించీ, మీ భక్తి గురించీ వివరంగా ఉంది. భార్య గురించి ఉన్న కొద్ది మాటల్లో ఒకచోట గేదె కాపలా, మిగిలినవి నిందలు. ఆమె పేరైనా రాయలేదు. మీకూ మీ కొడుకుకూ మధ్య ఏర్పడిన దూరాన్ని ఇప్పుడు పక్కన పెట్టండి. మీకూ మీ భార్యకూ మధ్య ఉన్నది చక్కబడితే తప్ప అది ఒక్క అడుగైనా తగ్గదు.

పూజ ఆరంభంలో మనం రొమ్ము తట్టుకొని ఒప్పుకొనే పాపాల వరుస మీకు కంఠతా వచ్చు: తలంపు, మాట, చేత, చేయవలసినది చేయకపోవడం. మాట అనగానే చాలామందికి బజారులో ఆడిన అబద్ధమో, పొరుగువారి మీద చెప్పిన చాడీయో గుర్తుకు వస్తుంది. కూర చల్లారిందని, ప్రార్థన మధ్యలో కుక్కరు కోసం లేచిందని భార్యను అన్న మాట ఆ లెక్కలోకే రాదు, ఎందుకంటే అది భర్తకున్న హక్కని మన ఊళ్ళలో మగపిల్లలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. నేనూ అటువంటి ఇంట్లోనే పెరిగాను కనుక మీ అబ్బాయి మాట నాకు వెంటనే అర్థమయింది. జపమాలలో మరియమ్మకు యాభైమూడుసార్లు వందనం చెప్పిన నోరే మరుక్షణంలో అమ్మను 'బుద్ధి లేనిదానా' అంటే, ఆ రెంటిలో ఏది నిజమో పిల్లవాడు తేల్చుకుంటాడు.

క్రిస్మస్ తరువాత వచ్చే తిరుకుటుంబ పండుగనాడు, అంటే యేసు మరియమ్మ యోసేపుల కుటుంబాన్ని తలచుకొనే రోజున, కొలొస్సీయులకు రాసిన లేఖ నుంచి చదివే పఠనం మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. భార్యలను ప్రేమించండి, వారితో కఠినంగా ఉండకండి అని భర్తలకూ, బిడ్డలు అధైర్యపడేలా వారిని విసిగించకండి అని తండ్రులకూ అందులో చెప్పిన మాటలను మైకులో అంత స్పష్టంగా పలికిన మీరు, అవి రెండో వరుసలో తల మీద కొంగు కప్పుకొని కూర్చున్న ఆమె గురించేనని ఒక్కసారైనా అనుకున్నారా? తల్లిదండ్రులే తమ మాటలతోను, మాదిరితోను బిడ్డలకు విశ్వాసాన్ని ప్రకటించే మొదటివారు కావాలని ప్రపంచమంతటి కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. మీ ఇంట్లోనూ ఆ ప్రకటన జరిగింది, అబ్బాయి శ్రద్ధగానే విన్నాడు.

ఇంకొక సంగతి. మనలో చాలామంది పెళ్ళి చేసేది ఫాదర్ గారు అనుకుంటారు. మన లాటిను సంప్రదాయపు బోధ ప్రకారం వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకొనేది వధూవరులే. ఫాదర్ గారు శ్రీసభ పక్షాన ఆ సమ్మతిని స్వీకరించే సాక్షి. అంటే, మాస్టారు గారూ, జీవితాంతం గౌరవిస్తానని పీఠం ముందు మాట ఇచ్చి ఆ సంస్కారాన్ని మీ భార్యకు అందించినది మీరే. పఠనాలు చదవడం మీకు తరువాత వచ్చిన బాధ్యత, ఇది దానికంటే ముందుది. పైగా చదువు లేని మనిషి అని రాశారు. ఉద్యోగమంతా ఊరి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మీరు, సొంత ఇంట్లో ఒక్క పలక కొని ఇవ్వకుండా ఆ లోటును ఆమె మీదకే నెట్టడం న్యాయం కాదు.

ముందుగా ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకొనే పాపసంకీర్తనానికి వెళ్ళండి. 'కోపం వచ్చింది' అని పైపైన చెప్పకుండా, భార్యను ఏయే మాటలు అన్నారో ఆ మాటలే చెప్పండి. అక్కడితో అయిపోయిందనుకోకండి. కానుకను పీఠం దగ్గరే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట ఇంటి మనిషికి కూడా వర్తిస్తుంది. అబ్బాయి ముందు ఆమెను అవమానించారు కాబట్టి అబ్బాయి ఉన్నప్పుడే ఆమెను క్షమాపణ అడగండి. ఆమె వెంటనే కరిగిపోవాలని ఆశించకండి, ఏమీ అనకపోయినా ఎందుకు అనలేదని అడగకండి. ఇన్నేళ్ళు మౌనంగా భరించిన మనిషికి ఇంకొన్నాళ్ళు మౌనంగా ఉండే హక్కు ఉంది.

2015 మే నెలలో పోప్ ఫ్రాన్సిస్ గారు కుటుంబానికి మూడు మాటలు చెప్పారు: అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమించమనడం. మన ఇళ్ళలో భార్యకు కృతజ్ఞతలు అని ఎవరూ అనరు, అన్నా అది ఎబ్బెట్టుగా ఉంటుంది. 'పులుసు బాగుంది' అనండి. కంచం ముందు కూర్చొనేముందు 'నువ్వు తిన్నావా' అనండి. జపమాల మధ్యలో కుక్కరు కూత వేస్తే మీరే లేచి పొయ్యి కట్టేసి రండి. నజరేతు ఇంట్లో వంట చేసిన తల్లి పేరునే మనం ఆ పూసలు తిప్పుతున్నాం.

అబ్బాయిని గుడికి రమ్మని ఇకమీదట అడగకండి, అమ్మ చేత ఫోన్ చేయించకండి. వచ్చే ఫిబ్రవరిలో మాత్రం గుణదలకు వెళతావా అని మీ భార్యను అడగండి. వెళతానంటే, తీసుకెళ్ళమని అబ్బాయికి చెప్పండి. మీరు ఇంటి దగ్గర ఉండి గేదెకు కుడితి పెట్టండి.