ఆనపకాయలో దాగిన మనుషులు

సృష్టి కథల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. లోకం ఎలా పుట్టిందో మీ ఇళ్లలో చెప్పుకునే కథ చెప్పమని మాస్టారు అడిగితే, ఒక సవర కుర్రవాడు లేచి, పూర్వం అంతా నీట మునిగినప్పుడు ఒక అన్నా చెల్లెలూ ఆనపకాయలో దాగి బతికారనీ, మనుషులందరూ వారి సంతానమేననీ చెప్పాడట. తరగతి అంతా నవ్విందట. మావాడూ నవ్వి, ఇంటికి వచ్చాక మాత్రం "మరి తామరపువ్వులో బ్రహ్మ పుట్టాడని మనం చెప్పుకునేది నిజమేనా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. (ఒక తల్లి, గుణుపురం)

జవాబు: ఇంటికి వచ్చి ఆ ప్రశ్న అడిగాడు కనుక, తరగతిలో నవ్వినందుకు మీ అబ్బాయిని గట్టిగా మందలించనవసరం లేదు. విష్ణువు బొడ్డు నుంచి తామరతూడు మొలిచి, దాని కొసన పూసిన పువ్వులో నాలుగు తలల బ్రహ్మ కూర్చున్నాడంటే నవ్వురాని పిల్లలకు ఆనపకాయ అనగానే నవ్వు వచ్చిందంటే, మొదటిదాన్ని క్యాలెండరు బొమ్మల్లోనూ రెండోదాన్ని కూరల బుట్టలోనూ చూస్తూ పెరగడమే కారణం.

కొండ మీద బతికేవారికి ఆనపకాయ కూరతో అయిపోదు. ముదిరిన కాయను తీగ మీదే ఎండనిచ్చి, మెడ దగ్గర చిన్న కన్నం చేసి, లోపలి గుజ్జును నీళ్లతో నానబెట్టి, గులకరాళ్లు వేసి బాగా కుదిపి కడిగితే గట్టి బుర్ర తయారవుతుంది. మంచినీళ్లయినా, అంబలి అయినా, జీలుగు కల్లయినా అందులో పోసుకుని పోడుకు వెళ్తారు. మరుసటి ఏడాదికి దాచుకునే విత్తనాలనూ అందులోనే పోసి మూతి బిగిస్తారు. అది నీటిలో మునగదు, లోపలికి తడి రానివ్వదు. లోకమంతా వరదపాలై, మనిషి అనే విత్తనాన్ని ఎక్కడో ఒకచోట దాచవలసి వస్తే, పోడు చేసుకునేవాడికి ఇంతకన్నా నమ్మకమైన పాత్ర ఏది తోస్తుంది? మాస్టారు ఒక ఎండు బుర్రను తెప్పించి పిల్లల చేతికి ఇచ్చి ఉంటే నవ్వు అక్కడికక్కడే ఆగిపోయి ఉండేదని నాకు అనిపిస్తుంది.

సవరలు సృష్టికర్తను కిట్టుంగు అంటారు. ఆయన చేసిన పనులు ఊరికొక తీరుగా చెప్పుకుంటారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, వారి కథలూ పాటలూ సేకరించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. ఆ తరువాత 1954లో వెరియర్ ఎల్విన్ అచ్చువేసిన ఒడిశా గిరిజన గాథల సంపుటంలో మన జిల్లాల కొండల్లో విన్న సృష్టి కథలు ఎన్నో ఉన్నాయి. అన్నాచెల్లెళ్లకు సంతానమేమిటన్న చిక్కు ఆ కథలు చెప్పినవారికీ తట్టింది. అందుకే మధ్య భారతంలోని కొన్ని కొండజాతుల కథల్లో, ఆ ఇద్దరికీ అమ్మవారు పోసి ముఖాలు మారిపోయాయనీ, ఒకరినొకరు గుర్తుపట్టక పెళ్లాడారనీ ఉంటుంది. ఇదే చిక్కు మన శతపథ బ్రాహ్మణం అనే వేద గ్రంథంలోనూ ఉంది: ప్రళయం తరువాత ఒంటరిగా మిగిలిన మనువు నెయ్యి, పెరుగు నీళ్లలో హోమం చేస్తే ఇడ అనే స్త్రీ పుట్టి, తాను ఆయన కూతురినని చెప్పుకుంది; ఆమెతో కలిసే మనువు ఈ మానవజాతిని పుట్టించాడు. మనవారు అమ్మవారి ఊసు కూడా ఎత్తకుండా ముందుకు సాగిపోయారు.

ఆనపకాయ కథ మన కొండలకే పరిమితం కాదు. దక్షిణ చైనాలోని మియావ్, యావ్ జాతులవారు కూడా వరదలో అన్నా చెల్లెలు కాయలో తేలి బతికారనే చెబుతారు. లావోస్‌లో మనుషులు పెద్ద కాయ లోపలి నుంచే బయటికి వచ్చారు: ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో పొడిచిన కన్నంలోంచి వచ్చినవారు మసి అంటుకుని నల్లబడ్డారనీ, తరువాత ఉలితో చెక్కిన దారిన వచ్చినవారు తెల్లగా ఉన్నారనీ లావో ప్రజలు చెప్పుకుంటారు. అక్కడి కొండల్లో ఉండే ఖ్మూ జాతివారు అదే కథను పట్టుకుని, ముందు వచ్చినవాళ్లం మేమే కనుక మేమే పెద్దన్నలమని అంటారు. సవర భాష, ఖ్మూ భాష ఒకే ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానివి కావడం చూసి, కథ కూడా భాషతోపాటే వచ్చిందని తేల్చేయాలనిపిస్తుంది. అయితే లావో, మియావ్ భాషలు ఆ కుటుంబానివి కావు. ఇంటి గోడ ఎక్కి పక్కింటి పెరట్లో కాసే తీగకు భాషల హద్దులు ఎక్కడ పడతాయి?

ఇక నిజమేనా అన్న ప్రశ్న. భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని ఉల్కాశకలాలనూ రాళ్లనూ పరీక్షించి లెక్కగట్టారు. మీ అబ్బాయి ఆ సంగతి బడిలో ఎలాగూ చదువుతాడు. తామరపువ్వును నిజమని ఒప్పుకుంటే ఆనపకాయనూ అదే అర్థంలో ఒప్పుకోవాలనీ, కథ అని పక్కన పెడితే రెంటినీ ఒకే గంపలో పెట్టాలనీ చెప్పండి. వీలైతే ఆ సవర కుర్రవాణ్ణి ఒక ఆదివారం మీ ఇంటికి పిలిపించి, నవ్వు వల్ల ఆగిపోయిన మిగతా కథ చెప్పించుకోమనండి.

ప్రశ్న: బాబిలోను వారి సృష్టి కథ ఋగ్వేదం కన్నా పాతదని నా మిత్రుడు వాదిస్తున్నాడు. ఏది పాతది? (ఒక పాఠకుడు, గోపాల్‌పూర్)

జవాబు: ఈ పందెంలో ఇద్దరూ గెలవరు. సృష్టిని గురించి అడిగే నాసదీయ సూక్తం ఋగ్వేదం పదో మండలంలో 129వది. దానిని తరతరాలుగా నోటితోనే నిలుపుకున్నారు కనుక రాసిపెట్టిన తేదీ ఉండదు. బాబిలోను కావ్యమైన ఎనూమా ఎలిష్‌కు మట్టి పలకలు దొరికాయి. వాటిలో చాలా భాగం ఇప్పటి ఇరాక్‌లోని నినెవే శిథిలాల్లో, అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయంలో దొరికినవి. జార్జి స్మిత్ 1876లో ఆ కథను లోకానికి అందించాడు. పలకలు క్రీ.పూ. 7వ శతాబ్దానివి, కావ్యం అంతకన్నా చాలా పాతది. రెండు కావ్యాలూ ఇంచుమించు ఒకే యుగానివని పండితుల అంచనా కనుక ఈ వాదాన్ని ఇక్కడితో వదిలేయండి.

సముద్రపు ఒడ్డున ఉన్న మీకు ఆ కావ్యంలో నచ్చేది వేరే ఉంది. ఆకాశానికి పేరు లేదు, కింద నేలకు పేరు లేదు, మంచినీటి దేవుడైన అప్సు, ఉప్పునీటి తల్లి అయిన తియామత్ కలగలిసి ఉన్నారని అది మొదలవుతుంది. గంజాం దగ్గర ఋషికుల్య సముద్రంలో కలిసేచోట నిలబడి చూసినవారికి ఆ రెండు నీళ్ల కలయిక ఏమిటో వ్యాఖ్యానం అక్కరలేదు. తరువాత యుద్ధం వచ్చి, మర్దుక్ అనే యువదేవుడు తియామత్‌ను చంపి, ఎండబెట్టే చేపను చీల్చినట్టు ఆమెను రెండుగా చీలుస్తాడు. ఒక సగాన్ని పైకెత్తి ఆకాశంగా కప్పి, అందులోని నీళ్లు బయటికి రాకుండా కాపలా పెడతాడు.

మీ ఒడ్డున వలలు దిగిన పూట చూడండి. మన తెలుగు మత్స్యకార స్త్రీలు చేపకు నిలువునా కత్తి పెట్టి, రెండు వైపులూ ఒక అంచున అతుక్కుని ఉండేలా పుస్తకంలా తెరిచి, ఉప్పు అద్ది ఎండలో పరుస్తారు. మూడు వేల ఏళ్ల కిందటి కవికి ఆకాశాన్ని తయారు చేయవలసి వచ్చినప్పుడు అచ్చంగా ఆ పనే గుర్తుకొచ్చింది. ఇంత పెద్ద విషయానికి ఇంత చిన్న పోలిక తెచ్చినందుకే ఆ కవి మీద నాకు గౌరవం.

ఈ కావ్యాన్ని బాబిలోనులో కొత్త సంవత్సరపు పండుగ నాలుగో రోజున గుడిలో చదివేవారు. మనం ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో సృష్ట్యాదిగా గడిచిన 195 కోట్ల పైచిలుకు సంవత్సరాలను వింటాము కదా, ఇంచుమించు అటువంటిదే. మరొక విచిత్రం: మన కలియుగం 4,32,000 సంవత్సరాలు; జలప్రళయానికి ముందు ఏలిన రాజుల పాలన మొత్తం కూడా 4,32,000 సంవత్సరాలని బాబిలోను పూజారి బెరోసస్ లెక్క. ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న వాదం మీ మిత్రుడితో మళ్లీ మొదలుపెట్టకండి.

ప్రశ్న: భూమి తాబేలు మీద ఉందని అమెరికా ఆదివాసులు చెబుతారట, మనమూ చెబుతాము. కథ ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లిందా? (ఒక విద్యార్థిని, పర్లాకిమిడి)

జవాబు: ముందు మన కథను సరిచూసుకుందాము. శ్రీకూర్మం వెళ్లివచ్చిన అలవాటుతో మనం తాబేలు భూమిని మోస్తోందని అనేస్తాము గాని, క్షీరసాగర మథనంలో కూర్మం మోసినది మందర పర్వతాన్ని. భూభారం మోసేది ఆదిశేషుడు. శతపథ బ్రాహ్మణం మాత్రం మరింత సొగసైన మాట చెబుతుంది: తాబేలు కింది చిప్ప ఈ నేల, పై చిప్ప ఆ ఆకాశం, నడుమ ఉన్నది అంతరిక్షం.

ఉత్తర అమెరికాలో ఇరక్వా జాతులవారి కథ వేరు. అంతా నీరే ఉన్నప్పుడు ఆకాశం నుంచి ఒక గర్భవతి జారిపడుతుంది. పక్షులు ఆమెను రెక్కల మీద పట్టుకుంటాయి. జంతువులు ఒక్కొక్కటే మునిగి విఫలమయ్యాక, మస్క్‌రాట్ అనే నీటి ఎలుక అడుగు నుంచి పిడికెడు మట్టి తెస్తుంది. ఆ మట్టి తాబేలు వీపు మీద పెరిగి నేల అవుతుంది. ఇందులో అసలు పని మట్టి తేవడం. ఆ పని మన దగ్గర వరాహం చేసింది, సంతాలుల కథలో వానపాము చేసింది: అది నీటి అడుగున మట్టి తిని తాబేలు వీపు మీద విసర్జిస్తుంది. వాన వెలిసిన తెల్లవారి పెరట్లో వానపాము పెట్టిన మట్టి గుళికలను చూసినవారికి ఇది వెటకారంగా తోచదు. నీటి అడుగు నుంచి మట్టి తెచ్చే కథ సైబీరియాలోనూ ఉంది కనుక, ఉత్తర ఆసియా నుంచి అమెరికాకు వలస వెళ్లినవారితో అది వెళ్లిందని కొందరు పండితుల అభిప్రాయం; నాకూ అది సబబుగానే కనిపిస్తుంది. మన దేశం నుంచి నేరుగా వెళ్లిందనడానికి మాత్రం ఆధారం లేదు.

ప్రశ్న: సృష్టికర్తే లేడనే మతం ఏదైనా ఉందా? (ఒక పాఠకుడు, జయపురం)

జవాబు: మీ కోరాపుట్ జిల్లాలోనే సుబయి గుడులలో దాని గుర్తులు ఉన్నాయి. జైనుల దృష్టిలో లోకానికి ఆది లేదు, అంతం లేదు, చేసినవాడు లేడు. 9వ శతాబ్దంలో జినసేనుడు సృష్టికర్త ఉన్నాడనే వాదాన్ని తన పురాణంలో సూటిగా ఖండించాడు.

ప్రశ్న: కోడి ముందా, గుడ్డు ముందా? సృష్టి కథలు ఏమంటాయి? (ఆరో తరగతి బాలుడు, ఛత్రపురం)

జవాబు: కథను బట్టి మారుతుంది, నాయనా. శతపథ బ్రాహ్మణంలో నీళ్లు తపస్సు చేస్తే బంగారు గుడ్డు పుట్టి ఏడాది పాటు తేలింది, కోడి జాడ లేదు. చైనా కథలో పాంగు 18,000 సంవత్సరాలు గుడ్డులో పెరిగాడు, అక్కడా కోడి లేదు. ఫిన్లండులో మాత్రం పిట్టే ముందు. నీటిలో ఉన్న దేవత మోకాలి మీద అది గూడు కట్టి గుడ్లు పెడితే, అవి జారి పగిలి, కింది పెంకు నేల, పై పెంకు ఆకాశం, పచ్చసొన సూర్యుడు, తెల్లసొన చంద్రుడు అయ్యాయి.

తెలుగు పల్లెల్లో అమ్మవారి గురించి చెప్పుకునే ఒక కథలోనూ తల్లే ముందు. ఆవిడ మూడు గుడ్లు పెట్టింది. మొదటిది మురిగిపోయింది, రెండోదాంట్లో గాలి తప్ప ఏమీ లేదు, మూడోది పిగిలి అందులోంచి బ్రహ్మ, విష్ణువు, శివుడు వచ్చారు. మీ అమ్మమ్మగారి ఇంట్లో ఎప్పుడైనా కోడిని పొదుగు వేస్తే గుడ్లు లెక్కపెట్టి చూడు. ఆ కథ చెప్పినవారు తప్పకుండా కోళ్లు పెంచినవారే అయి ఉంటారు.