రోడ్డు మీద ఆపి ఫోన్ అన్‌లాక్ చేయమంటే ఇవ్వాలా?

బండి కాగితాలు చూశాక పోలీసులు ఫోన్ కూడా తెరిచి చూపించమన్నారని, కాదంటే తప్పవుతుందా అని ఒకరు అడిగారు. నాకూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

రెండేళ్ల కిందట సెకండ్ షో చూసి వస్తుంటే రాత్రి తనిఖీలో ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ అన్నీ ఉన్నాయి. అయినా ఫోన్ అడిగారు. భయపడి లాక్ తీసి ఇచ్చేశాను. వాట్సాప్‌లో ‘గంజాయి’ అని కొట్టి వెతికారు, ఏమీ దొరకలేదు. ఊరుకోకుండా మిగతా చాట్‌లు కూడా తెరిచారు. మా చెల్లి తన ఆపరేషన్ గురించి నాకు పంపిన మెసేజ్‌లు, రిపోర్టుల ఫోటోలు వరసగా బయటపడ్డాయి. తను నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు పరాయి మనిషి నడిరోడ్డు మీద చదువుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ బాధ ఇంకా పోలేదు.

తర్వాత వరసకు అన్నయ్య అయ్యే లాయర్‌ని అడిగితే, కాగితాలు అడిగే అధికారం వేరు, ఫోన్ లోపల వెతికే అధికారం వేరు అన్నాడు. కేసుకు ఫోన్ కావాలంటే స్టేషన్ అధికారి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగాలి. నేరంతో సంబంధం ఉందని అనుమానిస్తే సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు, కానీ ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టంలోనే సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని సెక్షన్ 105 చెబుతోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఊరికే దారిన పోయేవాళ్ల చాట్‌లు చదవడం దీనికి ఎలా సరిపోతుంది?

పాస్‌వర్డ్ విషయం మాత్రం ఇంకా తేలలేదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుడిని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) చెబుతుంది. పాస్‌వర్డ్ చెప్పడం దాని కిందికి వస్తుందా లేదా అన్నదానిపై కోర్టులు వేర్వేరుగా తీర్పులిచ్చాయి. వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నేను వేలిముద్ర లాక్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకున్నాను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తుంటే మళ్లీ ఆపారు. ఈసారి, ‘సార్, ఏ కేసు గురించో చెప్పండి, నోటీసిస్తే స్టేషన్‌కే తెచ్చి ఇస్తాను’ అన్నాను. గొంతు వణికింది, టెన్షన్ లేదని చెప్పను. ఎస్సై కాసేపు నా వైపు చూసి పొమ్మన్నారు. అందరికీ ఇలా జరుగుతుందని హామీ ఇవ్వలేను. గట్టిగా పట్టుబడితే గొడవ పడకండి, చేతులు అడ్డం పెట్టకండి. ‘నా ఇష్టంతో ఇవ్వడం లేదు’ అని స్పష్టంగా చెప్పండి. సమయం, అధికారి పేరు, పోలీసు బండి నంబరు గుర్తు పెట్టుకోండి. ఫోన్ తీసుకెళ్తే ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) పంచనామా, అంటే సాక్షుల ముందు రాసే కాగితం, రాయించి కాపీ అడగండి. మీ ఐఎంఈఐ ఇప్పుడే *#06# కొట్టి ఇంట్లో ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఫోన్ చేతిలో లేనప్పుడు అది చూసుకోలేరు.