తేలిన సొమ్ము, తేలని సొమ్ము

ప్రశ్న: గుంటూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాది చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. కాంట్రాక్టుల పేపరులో డెట్, డ్యామేజెస్, లిక్విడేటెడ్ డ్యామేజెస్ లాంటి మాటలు ఎంత చదివినా తలకెక్కడం లేదు. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. లా మానేసి బ్యాంకు కోచింగ్‌కి వెళ్లమంటారా?

జవాబు: మానొద్దమ్మా. ఆ మాటల వెనకున్న సంగతి మీ ఇంట్లో రోజూ వినపడేదే.

యార్డు లెక్కలోనే చూడు. ఒక వ్యాపారి వంద క్వింటాళ్ల తేజ మిర్చి క్వింటా 15,000కి కొని, సరుకు లారీకి ఎత్తించుకుని డబ్బివ్వలేదు. 15 లక్షలు బాకీ. అది డెట్, అంటే ఎంత అన్నది ముందే తేలిపోయిన సొమ్ము. సరుకు ఇచ్చామని, ధర ఇదని రుజువు చేస్తే చాలు. ఇప్పుడు ఇంకోలా అనుకో. అదే ధరకి ఇస్తానన్నవాడు గడువు రోజు చేతులెత్తేశాడు. కొనేవాడు బయట 17,000 పెట్టి కొనుక్కున్నాడు. క్వింటాకి 2,000 చొప్పున 2 లక్షల నష్టం. ఇది డ్యామేజెస్. వాడు మాట తప్పాడని, దానివల్లే నష్టం వచ్చిందని, అంతే వచ్చిందని అన్నీ రుజువు చేయాలి. బయట కొనకుండా కూర్చుని, ఆ తర్వాత పెరిగిన ధరంతా కట్టమంటే కుదరదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ చెప్పేది ఇదే. కోర్టు తేల్చేదాకా డ్యామేజెస్ కింద అడిగే సొమ్ము బాకీ కాదని 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లిక్విడేటెడ్ అంటే లెక్క తేల్చినది. మాట తప్పితే ఇంత అని ఒప్పందంలో ముందే రాసుకున్న మొత్తం అన్నమాట. అయితే రాసుకున్నదంతా చేతికొస్తుందని జవాబు రాయకు, చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పైహద్దు. దానికి లోబడి సబబైన పరిహారమే ఇస్తారు.

ఇక నాన్నగారిని అడిగి ఒక పాత ప్రామిసరీ నోటు చేతిలోకి తీసుకో. 'మీరు గాని, మీ ఆర్డరు పొందినవారు గాని కోరినప్పుడు అసలు వడ్డీతో చెల్లించగలవాడను' అని ఉంటుంది. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం ఉంటుంది. తిప్పి వెనక చూడు. ఎప్పుడైనా కొంత కట్టి ఉంటే తారీకు వేసి, జమ రాసి, బాకీదారు సంతకం చేసి ఉంటాడు. ఆ చిన్న రాతకి చాలా బలం ఉంది. కోరినప్పుడు చెల్లించే నోటు మీద దావాకి గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు జమ పడి సంతకం ఉంటే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. 1963 లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అది. ఆ ఒక్క సంతకం తీసుకోక, కష్టపడి సంపాదించిన డబ్బు కాలదోషం పట్టి పోగొట్టుకున్న రైతులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. మన జిల్లాలో ఇలాంటి విషయం తెలుగులో విడమరిచి చెప్పే లాయరు ఎంత అవసరమో నువ్వే ఆలోచించు.

తెలుగు మీడియం లోటని అనుకోకు. 'సంతకం నాదే, కానీ ఖాళీ నోటు మీద పెట్టాను' అని సాక్షి బోనులో అనేది తెలుగులోనే. ఆ మాటలో నిజమెంతో లాగాల్సింది కూడా తెలుగులోనే. ఇంగ్లీషు మాత్రం తప్పదు. ప్లీడింగులు, అంటే వాది, ప్రతివాది కోర్టుకి రాసిచ్చే వాదనలు, తీర్పులు చదవాలి. రోజుకో తీర్పులో రెండు పేజీలు చదివి, ప్రతి కొత్త మాట పక్కన మిర్చి యార్డు ఉదాహరణ ఒకటి రాసుకో.

డబ్బు సంగతీ చెప్పాలి. ప్రాక్టీసులో మొదటి మూడు నాలుగేళ్లు చేతికొచ్చేది తక్కువ. ఇల్లు అంతకాలం తట్టుకోగలదా అని నాన్నగారితో కూర్చుని మాట్లాడు. కష్టమైతే బ్యాంకులు, కాంట్రాక్టు సంస్థలు లా చదివినవారిని తీసుకుంటాయి. ఆ ఉద్యోగాల్లోనూ ఈ పేపరే పనికొస్తుంది. బ్యాంకు కోచింగ్‌కి లా డిగ్రీ తర్వాతైనా వెళ్లొచ్చు.

ఈ సెలవుల్లో ఒక రోజు జిల్లా కోర్టుకి వెళ్లి, నోటు దావా విచారణ జరిగే హాల్లో వెనక బెంచీ మీద కూర్చో. వాది ఏం రుజువు చేశాడో, ప్రతివాది ఏది కాదన్నాడో రాసుకుని నాకు పంపు.